కప్పు బోర్లిస్తే కనబడే పేరు

స్టోక్-ఆన్-ట్రెంట్ వాళ్లను గుర్తుపట్టడానికి ఒక తేలిక ఉపాయం ఉందని ఇంగ్లండులో సరదాగా చెప్పుకుంటారు. హోటల్లో భోజనం రాగానే అందరూ పళ్లెంలో ఏముందో చూస్తారు, స్టోక్ వాళ్లు పళ్లెం కింద ఏముందో చూస్తారు. ఖాళీ కప్పును బోర్లించి, అడుగున ఏ కార్ఖానా ముద్ర ఉందో చదివాక గానీ టీ పోసుకోరు. ఈ అలవాటుకు ‘టర్నోవర్ క్లబ్’ అని ఒక పేరు కూడా పెట్టుకున్నారు. తమ ఊరి సరుకైతే చిన్న తృప్తి, కాకపోతే ఒక నిట్టూర్పు.

మన ఇళ్లలో స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టిస్తాం. ఆ పేరు కొన్నవాళ్లదో, పెళ్లిలో చదివించినవాళ్లదో అయి ఉంటుంది. చేసినవాడి పేరు ఎవరూ అడగరు. బ్రిటన్‌లో మాత్రం రెండున్నర శతాబ్దాలుగా కుండల వృత్తి ఆ పేరు చుట్టూనే తిరుగుతోంది. మట్టి కలిపింది ఒకరు, సారె మీద లేపింది ఒకరు, పిడి అతికింది ఒకరు, పువ్వు దిద్దింది ఇంకొకరు. అడుగున ఉన్న పేరు వీళ్లలో ఎవరిదీ కాదు. ఇవాళ లండన్ మ్యూజియాల్లో కనిపించే మట్టి కళాకారుల పనిని అర్థం చేసుకోవాలంటే ఆ అడుగు నుంచే మొదలుపెట్టాలి.

స్టోక్ నిజానికి ఒక ఊరు కాదు, ఆరు ఊళ్లు. టన్‌స్టాల్, బర్స్‌లెమ్, హాన్లీ, స్టోక్, ఫెంటన్, లాంగ్‌టన్. 1910లో అవన్నీ కలిసి ఒకే పట్టణమయ్యాయి. ఆ ప్రాంతంలో పుట్టి, ఆ ప్రాంతం గురించే నవలలు రాసిన ఆర్నాల్డ్ బెనెట్ వాటిని ‘ఐదు ఊళ్లు’ చేసి ఫెంటన్‌ను వదిలేశాడు. ఫెంటన్ వాళ్లకు కోపం వచ్చిందంటే తప్పు పట్టలేం. అక్కడ నేల కింద బొగ్గూ ఉంది, బంకమట్టీ ఉంది. తెల్ల సరుకుకు కావలసిన తెల్లమట్టి మాత్రం వందల కిలోమీటర్ల దూరంలో, నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్, డెవన్‌ల నుంచి పడవల మీద రావాలి. అయినా కార్ఖానాలు మట్టి దగ్గరకు పోలేదు. కాల్చడానికి మట్టి కంటే బొగ్గు ఎన్నో రెట్లు ఎక్కువ కావాలి కనుక మట్టే బొగ్గును వెతుక్కుంటూ వచ్చింది.

1730లో బర్స్‌లెమ్‌లో ఒక కుమ్మరి కుటుంబంలో జోసయా వెడ్జ్‌వుడ్ పుట్టాడు. చిన్నప్పుడు మశూచి సోకి కుడి మోకాలు దెబ్బతింది. కాలితో తన్ని సారె తిప్పే పనికి ఆ కాలు సహకరించలేదు. 1768లో దాన్ని తీసేయాల్సి వచ్చింది. ఆ మరుసటి ఏడాది జూన్ 13న ‘ఎట్రూరియా’ అని పేరు పెట్టిన కొత్త కార్ఖానా తెరిచినప్పుడు ఆయనే సారె ముందు కూర్చున్నాడు. భాగస్వామి థామస్ బెంట్లీ చక్రం తిప్పుతుంటే ఆరు నల్ల కూజాలు లేపాడు. అవి ఎట్రూరియాలో మొదటి రోజు తయారైనవని, వెడ్జ్‌వుడ్-బెంట్లీలవని వాటి మీద రాయించారు. ఎర్ర రంగు బొమ్మలు లండన్‌లో వేయించారు. వేసిన చేతుల పేర్లు మాత్రం వాటి మీద లేవు.

అంతకు ముందు స్టాఫర్డ్‌షైర్ కుమ్మరులు కుండ మీద పేరు వేయడం అరుదు. వెడ్జ్‌వుడ్ తన పేరును పచ్చిమట్టిలోనే గుద్దించాడు. కాల్చాక దాన్ని ఎవరూ చెరపలేరు. కుండ పగిలినా ముక్క మీద పేరు మిగులుతుంది. రాణీగారు మెచ్చిన మీగడ రంగు సరుకుకు ‘క్వీన్స్ వేర్’ అని పేరు తెచ్చుకున్నాడు. నీలం మీద తెల్ల బొమ్మలు తేలే జాస్పర్‌వేర్‌ను వేల ప్రయోగాల తర్వాత పట్టాడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పని అప్పగించి, గంట కొట్టగానే పనిలోకి రావాలన్న కట్టుబాటు పెట్టాడు. ఒక కుండను మొదటి నుంచి చివరి దాకా ఒకే మనిషి చేసే రోజులు అక్కడితో చెల్లిపోయాయి. పనివాళ్లు తప్పు చేయని యంత్రాల్లా తయారు కావాలన్నది ఆయన దాచుకోని కోరిక.

ఆయన దగ్గర విలియం హాక్‌వుడ్ అనే బొమ్మల పనివాడు ఉండేవాడు. మట్టిలో మనిషి ముఖం తీయడంలో అతనికి సాటి లేడు. 1776లో తను మలిచిన తలల భుజాల కింద హాక్‌వుడ్ చిన్నగా తన పేరు చెక్కుకున్నాడు. వెడ్జ్‌వుడ్ కంట పడనే పడింది. ఇకపై అలా జరగనివ్వనని ఆయన బెంట్లీకి రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. పదకొండేళ్ల తర్వాత, 1787లో, బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా వెడ్జ్‌వుడ్ ఒక పతకం చేయించాడు. సంకెళ్లతో మోకరిల్లిన ఆఫ్రికా మనిషి బొమ్మ అది. నేనూ మనిషిని కానా, సోదరుణ్ని కానా అని అడుగుతున్నట్టు చుట్టూ అక్షరాలు. జనం దాన్ని నగల్లో పొదిగించుకుని పెట్టుకున్నారు. అచ్చు మలిచింది హాక్‌వుడ్ అంటారు. పతకం వెనక ఆ పేరు ఉండదు. మనిషి గౌరవం కోసం అంత ఖర్చు పెట్టిన యజమానికి, అచ్చు తీసినవాడి మూడంగుళాల గౌరవం బరువైపోయింది. వెడ్జ్‌వుడ్‌ను మెచ్చుకోవడానికి కారణాలు చాలా ఉన్నాయి, ఇది మాత్రం వాటిలో ఒకటి కాదు.

తర్వాతి వందేళ్లలో స్టోక్ ప్రపంచానికి పళ్లేలు పంపింది. పశువుల ఎముకల బూడిదను సగం దాకా కలిపి చేసే బోన్ చైనాను జోసయా స్పోడ్ కార్ఖానా స్థిరపరిచింది. అదే కార్ఖానా 1815 ప్రాంతంలో ‘ఇండియన్ స్పోర్టింగ్’ అని ఒక వరస పళ్లేలు తీసింది. పులుల వేట, ఏనుగుల వేట, అన్నీ నీలం అచ్చు బొమ్మలే. హిందుస్తాన్ మొహం ఎరగని స్టాఫర్డ్‌షైర్ పనివాళ్లు ఒక వేట పుస్తకంలోని చిత్రాలు చూసి అచ్చు తీశారు. వంటింటి గోడ దాటని ఇంగ్లీషు ఇల్లాలు పులి మీద మాంసం వడ్డించింది.

సీసా ఆకారంలో ఇటుకలతో కట్టిన బట్టీలు ఒక దశలో రెండు వేల దాకా ఉండేవని అంచనా. అవన్నీ ఒక్కసారి పొగ వదిలితే పట్టపగలే వీధి దీపాలు వెలిగించేంత చీకటి. గ్లేజు, అంటే మన ఊరగాయ జాడీ మీద నున్నగా మెరిసే గాజు లాంటి పూత, అప్పట్లో సీసం కలిపి చేసేవారు. దాంట్లో పళ్లేలు ముంచే వాళ్లను సీసం తినేసింది. చెకుముకి రాతి పొడి పీల్చిన వాళ్ల ఊపిరితిత్తులు రాయి కట్టాయి. ఆ జబ్బును ఊరి జనం ‘కుమ్మరి కుళ్లు’ అనే పిలిచారు. 1956లో గాలి శుభ్రత చట్టం వచ్చి బొగ్గు బట్టీలకు మంగళం పాడింది. ఇప్పుడు మిగిలినవి యాభై లోపే.

అడుగు ముద్రలో ఒక ఆడమనిషి పేరు మెరిసిన కథ కూడా ఈ ఊరిదే. క్లారిస్ క్లిఫ్ 1899లో టన్‌స్టాల్‌లో పుట్టి, పదమూడో ఏట పనిలో చేరింది. 1927లో ఆమెకు ఒక చిన్న గదీ, గోదాములో పడున్న పాత లోపాల సరుకూ ఇచ్చారు. ఆ వంకర టింకర కూజాల మీద నారింజ, పసుపు, నీలం త్రికోణాలు దట్టంగా పులిమింది. లోపాలు కనబడలేదు, సరుకు ఎగబడి కొన్నారు. అడుగున ‘హ్యాండ్ పెయింటెడ్, బిజార్, బై క్లారిస్ క్లిఫ్’ అని ముద్ర పడింది. చేత్తో వేసిందన్న మాట నిజమే, చెయ్యి మాత్రం ఆమెది కాదు. డెబ్బై మంది దాకా అమ్మాయిలు బల్లల వెంట కూర్చుని, ఒకరు గీత గీసి, ఒకరు రంగు నింపి, ఒకరు అంచు పట్టీ తిప్పి పక్కకు అందించేవారు. ‘బిజార్ గర్ల్స్’ అని వాళ్లకు ఉమ్మడిగా ఒక పేరు దక్కింది. హాక్‌వుడ్ కాలం కంటే అది కొంత నయం.

ఈ పొగకూ, ఈ గంటకూ, ఈ బల్లకూ ఎదురు చెప్పాలన్న ఆలోచన స్టోక్‌లో పుట్టలేదు. టోక్యోలో పుట్టింది.

1911లో అక్కడ కొందరు చిత్రకారులు ఒక విందు చేసుకున్నారు. వచ్చినవాళ్లకు కాల్చిన పాత్రలిచ్చి, వాటి మీద బొమ్మలు వేయమన్నారు. గ్లేజులో ముంచి, పక్కనే ఉన్న చిన్న ఆవంలో పెట్టి, అరగంటలో ఎర్రగా కాలిన పాత్రను పటకారుతో తీసి చేతికిచ్చారు. ఆ రోజు అక్కడున్న ఇంగ్లీషు యువకుడు బెర్నార్డ్ లీచ్ ఆ వేడి పాత్రతో పాటు తన జీవితాన్నీ అందుకున్నాడు. ఆయన 1887లో హాంకాంగ్‌లో పుట్టాడు. పుట్టగానే తల్లి పోయింది. పసితనం జపాన్‌లో తాతయ్య అమ్మమ్మల దగ్గర గడిచింది. లండన్‌లో చిత్రలేఖనం చదివి, రాగి రేకు మీద చెక్కి అచ్చు తీసే విద్య నేర్పుదామని 1909లో మళ్లీ జపాన్ చేరాడు. నేర్పడానికి వెళ్లినవాడు ఆరో కెంజాన్ అనే ముసలి కుమ్మరి దగ్గర శిష్యుడిగా కూర్చున్నాడు.

జపాన్‌లో ఆయన స్నేహితుడు యనాగి సోయెత్సు. పేరు లేని పల్లె పనివాడు రోజూ వాడకానికి చేసిన గిన్నెలోనే నిజమైన అందం ఉందని ఆయన వాదన. పేరు కోసం చేసిన క్షణాన ఆ అందం పోతుందంటాడు. ఇంకో స్నేహితుడు షోజి హమాదా. చదువుకోడానికి జపాన్ వెళ్లిన మన గురుచరణ్ సింగ్ కూడా ఈ బృందంతో కలిసి తిరిగి, తర్వాత ఢిల్లీలో బ్లూ పాటరీ నడిపాడు. 1920లో లీచ్, హమాదాను వెంటబెట్టుకుని కార్న్‌వాల్ కొసన ఉన్న సెయింట్ ఐవ్స్ అనే చేపల రేవుకు వచ్చాడు. ఊళ్లో చేతిపనుల సంఘం పెట్టదలచిన ఫ్రాన్సెస్ హార్న్ అనే ఆవిడ సాయంతో ఒక వాగు పక్కన కార్ఖానా కట్టారు. కొండ వాలున మెట్లు మెట్లుగా ఎక్కే జపాన్ ఆవం ఒకటి లేపారు. పడమటి దేశాల్లో అటువంటిది అదే మొదటిది.

చోటు మాత్రం తప్పు చోటు. కట్టెలతో కాల్చే ఆవం పెట్టింది చెట్లు సరిగా పెరగని సముద్రపు గట్టున. మట్టి కూడా చెప్పుకోదగ్గది కాదు. మొదటి ఆవం మొరాయించింది. క్యోటో దగ్గర తరతరాల కుమ్మరి కుటుంబంలో పుట్టిన త్సురునోసుకె మత్సుబయాషి వచ్చి 1923లో దాన్ని మూడు అరలతో మళ్లీ కట్టాడు. ఆ ఆవం యాభై ఏళ్లు పనిచేసింది. చాన్నాళ్లు కార్ఖానా దాతల చలవ మీదే బతికింది. చేపలు పట్టి బతికే ఆ ఊరికి జపాన్ బూడిద రంగు గిన్నెలతో ఏం పని?

1940లో లీచ్ ‘ఎ పాటర్స్ బుక్’ రాశాడు. అది వరసగా రెండు మూడు తరాల కుమ్మరులకు పెద్దబాలశిక్ష అయింది. కార్ఖానా సరుకు చచ్చిన సరుకని, వెయ్యేళ్ల కిందటి చైనా సుంగ్ వంశపు కుండలే కొలబద్ద అని అందులో ఆయన తీర్మానం. ఆ తీర్మానానికి ముందే ఇంట్లో ఒక తమాషా జరిగింది. 1934లో లీచ్ జపాన్‌లో ఉండగా కొడుకు డేవిడ్ నేరుగా స్టోక్ వెళ్లి అక్కడి సాంకేతిక కాలేజీలో చేరాడు. శత్రువు బడిలో చేరాడని తండ్రి మండిపడ్డాడు. కానీ సెయింట్ ఐవ్స్ కార్ఖానా కుదుటపడింది డేవిడ్ అక్కడ నేర్చుకొచ్చిన లెక్కల వల్లే. మట్టి మారింది, కట్టెల బదులు నూనె మంట వచ్చింది, ఏటా ఒక జాబితా అచ్చేసి ‘స్టాండర్డ్ వేర్’ అనే ఒకే మూస గిన్నెలు, కూజాలు, పులుసు కుండలు అమ్మడం మొదలైంది.

ఇప్పుడు ఆ కుండల అడుగు చూద్దాం. స్టాండర్డ్ వేర్ కింద ఉండేది కార్ఖానా ముద్ర ఒక్కటే. చేసిన కుర్రాడి పేరు ఉండదు. లీచ్ తనవిగా విడిగా చేసిన కుండల కింద దానితో పాటు ‘బీ.ఎల్.’ అని ఆయన సొంత ముద్ర ఉంటుంది, ధరా దానికి తగ్గట్టే ఉంటుంది. విలియం మార్షల్ అనే స్థానిక కుర్రాడు 1938లో శిష్యరికానికి వచ్చి దాదాపు నలభై ఏళ్లు అక్కడే ఉన్నాడు. లీచ్ వయసు పైబడ్డాక ఆయన గీసిన పెద్ద కూజాలను సారె మీద లేపింది చాలావరకు మార్షలే. వాటి కిందా బీ.ఎల్. అనే. 1972లో యనాగి వ్యాసాలను ‘ది అన్‌నోన్ క్రాఫ్ట్స్‌మన్’ పేరుతో ఇంగ్లీషులోకి తెచ్చింది లీచే. పేరు లేని పనివాణ్ని అంతగా కొలిచిన మనిషి కార్ఖానాలోనే పేరు లేని పనివాళ్లు ఉన్నారు, ముద్ర ఉన్న గురువూ ఉన్నాడు. మాట నిలబెట్టుకున్నది హమాదా. జపాన్ తిరిగి వెళ్లి మషికో అనే కుమ్మరి పల్లెలో స్థిరపడ్డాక ఆయన కుండల మీద ముద్ర వేయడం మానేశాడు. 1955లో ఆ దేశం ఆయన్ని ‘సజీవ జాతీయ నిధి’గా ప్రకటించింది. వ్యాపారులకు ఆయన సంతకం కావాల్సి వచ్చింది. కుండ మీద కాక అది పెట్టే చెక్కపెట్టె మీద సంతకం చేసి ఇచ్చాడు. దాంతో పెట్టెలకు గిరాకీ.

లండన్‌లో హైడ్ పార్క్ పక్క సందులో, పాత గుర్రాల శాలల వరసలో ఒక చిన్న ఇల్లు ఉండేది. 1938లో హిట్లర్ సేనలు వియన్నాలో అడుగుపెట్టాక అక్కడి నుంచి తప్పించుకొచ్చిన లూసీ రీ ఆల్బియన్ మ్యూస్‌లోని ఆ ఇంట్లో సారె పెట్టుకుంది. వియన్నాలో ఆమెకు పేరుంది, అంతర్జాతీయ ప్రదర్శనల్లో పతకాలున్నాయి. లండన్‌లో ఎవరికీ ఆమె తెలియదు. ఆమె కుండలు మరీ పలచనివని లీచ్ పెదవి విరిచాడు. ఆమె కొన్నాళ్లు ఆయన చెప్పినట్టు మందంగా చేయబోయింది, అవి ఆమెవిలా లేవు. యుద్ధకాలంలో పొట్ట గడవడానికి కోట్లకూ గౌన్లకూ పింగాణీ గుండీలు చేసింది. దర్జీ ఇచ్చిన బట్ట ముక్క రంగుకు సరిగ్గా అతికేలా గ్లేజు కలపాలి. వేల గుండీలు. గ్లేజు రంగుల మీద ఆమెకున్న అంత పట్టుకు ఆ గుండీలే బడి అయ్యాయి. ఏ గుండీ మీదా పేరు లేదు.

1946లో ఆ గుండీల పనికి సాయం కావాల్సి వచ్చింది. జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన హాన్స్ కోపర్ చేరాడు. జర్మన్ కనుక శత్రువని బ్రిటన్ అతన్ని నిర్బంధించి కెనడా పంపించి, తర్వాత తన సైన్యంలోనే చేర్చుకుంది. అప్పటిదాకా అతను మట్టి ముట్టింది లేదు. లీచ్‌లా చేయొద్దు, నీలాగే చెయ్యి అని లూసీకి చెప్పిన మొదటి మనిషి ఈ కూలికి వచ్చిన కుర్రాడే. ఇద్దరూ కలిసి చేసిన కప్పులు, కూజాలు ఉన్నాయి. వాటిని బోర్లిస్తే రెండు ముద్రలు పక్కపక్కన కనబడతాయి, ‘ఎల్.ఆర్.’ ఒకటి, ‘హెచ్.సీ.’ ఒకటి. యజమానురాలి ముద్రకూ సహాయకుడి ముద్రకూ ఒకే కొలత. స్టోక్ గానీ సెయింట్ ఐవ్స్ గానీ చేయని పని గుండీల కొట్టు చేసింది. లూసీ 1995లో పోయాక ఆ ఇంటి పనిగదిని, అరలతో సహా, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో తిరిగి నిలబెట్టారు.

లీచ్ మొదటి శిష్యుల్లో మైకేల్ కార్డ్యూ ఒకడు. అతని దారి ఆఫ్రికాకు పోయింది. 1950ల మొదట్లో నైజీరియాలోని అబూజాలో, ఇప్పుడు సులేజా అంటున్న ఊళ్లో, వలస ప్రభుత్వం తరఫున కుండల శిక్షణ కేంద్రం పెట్టాడు. స్థానికులకు నేర్పడం అతని ఉద్యోగం. నిజానికి అక్కడ కుండలు చేసేది ఆడవాళ్లు, వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. సారె లేకుండా, నేల మీద పెట్టిన ముద్ద చుట్టూ తామే తిరుగుతూ, మట్టి పైకి లాగి, వత్తులు చుట్టి నీళ్ల కుండలు లేపుతారు. ఆ ఊరి అమీరు ఇంట్లో కార్డ్యూ కొన్ని కుండలు చూసి ఎవరు చేశారని అడిగాడు. లాడి క్వాలి అని చెప్పారు. 1954లో ఆమె కేంద్రంలో చేరింది, అందులో మొదటి స్త్రీ ఆమే. తర్వాత లండన్‌లో వందల మంది ముందు కుండ చుట్టూ తిరుగుతూ కుండ చేసి చూపింది. ఇవాళ నైజీరియా 20 నైరాల నోటు తిప్పి చూస్తే వెనక ఆమే కనబడుతుంది.

మాగ్డలీన్ ఒడుండో 1950లో నైరోబీలో పుట్టింది. బాల్యంలో కొంత మన ఢిల్లీలో గడిచింది. 1971లో ఇంగ్లండు వచ్చి ప్రకటనల చిత్రకళ చదువులో చేరింది. మట్టి మీద మనసు పడ్డాక అబూజా వెళ్లి లాడి క్వాలి దగ్గర కూర్చుంది. ఒక ఆఫ్రికా అమ్మాయి ఇంగ్లండు నుంచి ఆఫ్రికాకు, ఇంగ్లీషువాడు పెట్టిన బడిలో, ఆఫ్రికా ఆవిడ దగ్గర చేతిపని నేర్చుకోవడానికి వెళ్లడం! ఆమె కుండలకు గ్లేజు ఉండదు. మట్టి వత్తులు చుట్టి లేపి, పలచని మట్టిపూత పూసి, రాళ్లతో గంటల తరబడి రుద్ది మెరుగు పెడుతుంది. గాలి ఆడేలా కాలిస్తే నారింజ ఎరుపు వస్తుంది, గాలి ఆడకుండా పొగలో కాలిస్తే అదే మట్టి నిగనిగలాడే నలుపు అవుతుంది. చూస్తుంటే నిండు గర్భిణి పొట్ట, మెడ వంచిన ఆడమనిషి, నడుము, వెన్నుపూస కనిపిస్తాయి. నీళ్లు పోసుకునే కుండ కాదది. అడుగున ‘ఒడుండో’ అన్న పేరూ, చేసిన ఏడూ గీసి ఉంటాయి. ఆమె నేర్చుకొచ్చిన పల్లెల్లో కుండ కింద పేరు గీసే ఆనవాయితీ లేదు.

1970ల్లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ నుంచి కొందరు స్త్రీలు బయటికొచ్చారు. ఎలిజబెత్ ఫ్రిచ్, ఆలిసన్ బ్రిటన్, కారల్ మెక్‌నికల్, జాక్వెలిన్ పాన్స్‌లే. వాళ్లు లీచ్ గోధుమ రంగును పక్కన పెట్టేశారు. ఫ్రిచ్ హార్ప్ వాయించడం చదువుకున్న మనిషి, కుండ మీద రంగు గళ్లను తాళం వేసినట్టు పేర్చింది.

2003లో బ్రిటన్ సమకాలీన కళకు ఇచ్చే టర్నర్ ప్రైజ్ గ్రేసన్ పెరీకి వచ్చింది. కుండలు చేసేవాడికి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. సాయంత్రం క్లాసుల్లో పని నేర్చుకున్న మనిషి, ‘క్లెయిర్’ అన్న పేరుతో గౌను వేసుకుని వచ్చి బహుమతి అందుకున్నాడు. దూరం నుంచి అతని కుండలు తాతగారి హాల్లో ఉండాల్సిన పూల కూజాల్లా ఉంటాయి. దగ్గరకెళ్తే హింస, కామం, మధ్యతరగతి డాంబికం. 2011లో బ్రిటిష్ మ్యూజియంలో పేరు తెలియని పనివాళ్లు వేల ఏళ్లుగా చేసిన వస్తువులు ఏరి, వాటి మధ్య తన పని పెట్టి, ‘ది టూంబ్ ఆఫ్ ది అన్‌నోన్ క్రాఫ్ట్స్‌మన్’ అని ప్రదర్శన చేశాడు. యనాగి పుస్తకం పేరుకు సమాధి కట్టినట్టే. గోడ మీద అన్నిటికంటే పెద్ద అక్షరాలు ఎవరి పేరువో చెప్పక్కర్లేదు.

లీచ్ పరంపరలోనే పెరిగి ఆయన్ని నిలదీసినవాడు ఎడ్మండ్ డి వాల్. బడిలో జెఫ్రీ వైటింగ్ అనే లీచ్ మార్గపు కుమ్మరి దగ్గర శిష్యరికం చేసి, చాన్నాళ్లు అమ్ముడుపోని గోధుమ రంగు కుండలు చేశాడు. తర్వాత జపాన్ వెళ్లి కాగితాలు తిరగేశాడు. తూర్పు దేశాల ఆత్మను తెచ్చానన్న లీచ్‌కు జపాన్ భాష అంతంత మాత్రమేనని, ఆయన కలిసిన జపాన్ చాలా చిన్నదని 1998లో పుస్తకం రాశాడు. కుమ్మరి లోకం నొచ్చుకుంది. ఆయన సొంత పని తెల్ల పోర్సిలిన్ పాత్రలు, వందలకొద్దీ, వరసల్లో. 2009లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం గుమ్మటం లోపల, అందనంత ఎత్తున, ఎర్ర అల్యూమినియం అరమీద 425 పాత్రలు పేర్చాడు. టర్నోవర్ క్లబ్ వాళ్లు తల ఎత్తి చూడాల్సిందే, బోర్లించే ఆశ లేదు.

ఈలోగా స్టోక్ ఖాళీ అవుతోంది. పని చైనాకు, ఇండోనేషియాకు తరలింది. 2008లో స్పోడ్ కార్ఖానా మూతపడింది. 2009 జనవరిలో వెడ్జ్‌వుడ్ సంస్థ దివాలా తలుపు తట్టింది. పింఛను బకాయిల కింద వెడ్జ్‌వుడ్ పాత కుండల సంపద మొత్తం వేలానికి పోయే ముప్పు వచ్చింది. 2014లో చందాలు పోగేసి 1.57 కోట్ల పౌండ్లతో దాన్ని కాపాడారు. నూరేళ్ల కిందట కార్ఖానాను ఛీ కొట్టిన కళాకారుల మనవల తరం ఆ కార్ఖానా గుమ్మంలోకే నడిచి వచ్చింది. 2009లో మొదలైన బ్రిటిష్ సిరామిక్స్ బయెన్నల్ అనే రెండేళ్లకోసారి జరిగే ప్రదర్శన స్పోడ్ ఖాళీ షెడ్లలో తలుపు తెరిచింది.

క్లేర్ టూమీ 2006లోనే వెడ్జ్‌వుడ్ పనివాళ్లతో జాస్పర్ నీలం మట్టిలో 4,000 చిన్న పిట్టల్ని చేయించింది. విక్టోరియా అండ్ ఆల్బర్ట్‌లో విగ్రహాల మధ్య నేల మీద పరిచి, ఇష్టమైతే పట్టుకుపొమ్మంది. సాయంత్రానికి నేల ఖాళీ. పిట్టను తిరగేస్తే కళాకారిణి ముద్ర, మ్యూజియం ముద్ర, వెడ్జ్‌వుడ్ ముద్ర. పనివాడిది మళ్లీ లేదు. ఆమె ఇంకో పని పేరు ‘మేడ్ ఇన్ చైనా’. చైనాలోని జింగ్‌డెజెన్‌లో చేయించిన 80 పెద్ద ఎర్ర కూజాల్లో 79 అక్కడే అచ్చు పూలతో పూర్తయ్యాయి. ఒక్కదాన్ని ఇంగ్లండు తెచ్చి రాయల్ క్రౌన్ డెర్బీ అనే పింగాణీ కార్ఖానా పనివాళ్లతో చేత్తో బంగారు పూలు దిద్దించింది. ఆ ఒక్కదానికి పట్టిన సమయం మిగతా 79కి పట్టినదాని కంటే ఎక్కువ.

నీల్ బ్రౌన్‌స్వర్డ్ 1970లో స్టోక్‌లోనే పుట్టి, వెడ్జ్‌వుడ్‌లో నమూనాలు మలిచే పని నేర్చుకున్నవాడు. కూలిన కార్ఖానాల్లో పడి ఉన్న కరిగిన ముక్కలు, విరిగిన పిడులు, గట్టిపడిన మట్టి చిందులు ఏరుకొచ్చి వాటితోనే శిల్పాలు కట్టాడు. తర్వాత ముక్కల్ని వదిలి మనుషుల్ని పిలిచాడు. ఆంటొనీ చాలినర్ అనే పింగాణీ చిత్రకారుడితో, పనికిరాని పళ్లేలను బోర్లించి, వాటి వెనక వైపు బొమ్మలు వేయించాడు. పూర్వం పళ్లేల మీద పచ్చిక బయళ్లు, పూలు ఉండేవి, ఇప్పుడు పాడుపడిన కార్ఖానాలే విషయం. ఆ పనికి ‘నేషనల్ ట్రెజర్’ అని పేరు పెట్టాడు. జపాన్‌లో హమాదాకు ఇచ్చిన బిరుదు గుర్తున్న వాళ్లకు ఆ పేరు గుచ్చుకుంటుంది.

బ్రౌన్‌స్వర్డ్ చేసిన ‘ఫ్యాక్టరీ’ అన్న పనిలో రీటా ఫ్లాయిడ్ అనే ఆవిడ బల్ల ముందు కూర్చుంటుంది. జీవితమంతా పింగాణీ పూలు చేసిన మనిషి. చిటికెడు మట్టి తీసి, అరచేతిలో వేలితో ఒత్తితే రేకు. రేకు మీద రేకు చుట్టితే గులాబీ, చూస్తుండగానే. ఆ గులాబీని పక్కకు విసిరేసి మళ్లీ చిటికెడు మట్టి తీస్తుంది. చూసేవాళ్లు అయ్యో అంటారు, ఆవిడ ఆగదు. పూల గుట్ట పెరుగుతూ ఉంటుంది. అవి కాల్చనివి, అడుగు లేనివి. ఏ రేకు మీద చూసినా ఆమె అరచేతి గీతలే.